పెరట్లో లారీ దీపాలు

ధర్మవరంలో పట్టుచీరలు నేసే గంగాధరప్పకు ఇల్లు ఒక పక్క, మగ్గం కొట్టం ఇంకో పక్క. నడుమ పొడుగాటి పెరడు. అందులో నీళ్ళతొట్టి, రుబ్బురోలు, బట్టలారేసే గుంజలు. ఊళ్ళో పెద్దవీధుల్లోకి కరెంటు వచ్చింది గాని, 1962లో ఇంకా వాళ్ళ సందులోకి స్తంభాలు రాలేదు.

ఆ ఏడు గంగాధరప్ప పొద్దుగూకితే చాలు, పెరట్లో ఏదో ఒకదానికి తట్టుకునేవాడు. "చీకట్లో యాడేముండాదో ఎట్ల తెలుస్తాది?" అనేవాడు. భార్య హనుమక్క లాంతరు పట్టుకుని ఎదురొస్తే మాత్రం కసురుకునేవాడు.

హనుమక్క తమ్ముడు నారాయణస్వామి హిందూపురంలో లారీలు బాగుచేసే షెడ్డులో మెకానిక్కు. చూడవచ్చినప్పుడు ఆమె అడిగింది.

"లారీ దీపాలు బ్యాటరీతోనే గదరా వెలిగేది? ఆ మాదిరి మా పెరట్లో పెట్టుకోలేమా?"

అతను మొదట నవ్వాడు. తర్వాత ఆలోచించాడు. "పెట్టుకోవచ్చుక్కా. బండికి పనికిరాని పాత బ్యాటరీ షెడ్డులో పడుండాది. చిన్న బల్బులకు అది సాలు. పన్నెండు వోల్టులే, షాకు కొట్టదు. రెండు వైర్లు మాత్రం ఒకదానికొకటి తగలనీయొద్దు, నిప్పంటుకుంటాది."

పట్టు మూటలు తెచ్చే లారీలో బ్యాటరీ, బల్బులు, పాత వైరు వచ్చాయి. తమ్ముడు రాలేదు. హనుమక్క చీర బిగించి తానే పనిలోకి దిగింది. బ్యాటరీని పొయ్యికి దూరంగా పలక మీద పెట్టింది. గోడ వెంట మేకులు కొట్టి వైరు లాగింది. నూనె డబ్బాలు కత్తిరించి, వానకు తడవకుండా బల్బులకు గొడుగులు చేసింది. కొట్టం దగ్గరి బల్బు మినుకుమినుకుమంది. అంతదూరానికి సన్న వైర్లు చాలలేదని, ఆ రెండింటిలో ఒక్కోదానికి విడిగా ఇంకో వైరు జతచేసి పురిపెట్టింది. బల్బు తేటగా వెలిగింది.

"ఈ లారీ దీపాలెందుకే మనకు? నలుగురూ నవ్వుతారు," అని గంగాధరప్ప రోజూ గొణిగాడు. ఆమె వినలేదు.

దీపాలన్నీ వెలిగించిన మొదటి రోజు, పొద్దుగూకినాక పక్కింటి చౌడమ్మ చూడవచ్చింది. పెరడంతా వెలుగు. హనుమక్క మొగుణ్ణి కేకేసింది. గంగాధరప్ప కొట్టంలోంచి వచ్చి, నాలుగడుగులు వేసి, ఎదురుగా కనబడుతున్న తొట్టికి నేరుగా వెళ్ళి కొట్టుకుని పడ్డాడు.

చౌడమ్మ మెల్లగా తన ఇంటికి వెళ్ళిపోయింది. హనుమక్క అతని పక్కన కూర్చుంది.

"తొట్టి కనపడల్యా?"

అతను మోకాలు రుద్దుకుంటూ చెప్పాడు. "పొద్దుగూకితే ఏమీ అగపడదే. లాంతరున్నా అంతే. కండ్లు పొయ్యాయని తెలిస్తే షావుకారు నాకు నెయ్యనీకి పట్టు ఇస్తాడా?"

ఆమెకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ దిగమింగి, తెల్లారి ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు రేచీకటన్నాడు. చేపనూనె మందిచ్చి, ఆకుకూరలు బాగా తినమన్నాడు. గంగాధరప్ప ముక్కు మూసుకుని ఆ నూనె తాగాడు. హనుమక్క మునగాకు వండని రోజు లేదు.

ఎండాకాలానికి చూపు చాలావరకు వచ్చింది. మునుపటంత కాదు, సన్న జరీ పని మాత్రం పగలే ముగించుకునేవాడు. షావుకారు ఏమీ అడగలేదు, పట్టు ఇస్తూనే వచ్చాడు.

బ్యాటరీ ఛార్జికి లారీలో హిందూపురం పోతూ వస్తూ, ఇంకో ఏడాది పనిచేసింది. ఆలోగా చౌడమ్మ తన గొర్రెల దొడ్డికీ అట్లాంటి దీపాలు కావాలంది. హనుమక్క పోయి వైరు లాగి వచ్చింది.