హంతకుడెవరో ముందే చెప్పమన్న అవ్వ

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో, ప్రొద్దుటూరు నుంచి పులివెందులకు బస్సులో పోతూ, ఇదివరకు చదివిన డిటెక్టివ్ కథే మళ్లీ చదువుకుంటున్నాను. పక్కన కూర్చున్న అవ్వ పైకి చదవమంది. మొదలుపెట్టగానే ఆపింది.

"చంపిందెవరో ముందు చెప్పప్పా."

"చెబితే ఇంకేముందవ్వా, కథ పోయినట్టే!"

"బొమ్మలాటలో ఎవరు సచ్చేదీ మాకు తెల్దా? అయినా తెల్లారేదాకా కూసోమా?"

విసుగ్గా "డాక్టరు" అన్నాను. ఇక డాక్టరు నోరు విప్పినప్పుడల్లా అవ్వ నా మోచెయ్యి పట్టుకునేది.

"సూడు, ఎంత నిమ్మళంగా అబద్ధం చెప్తాండాడో!"

చివర్లో పోలీసులు అతన్ని పట్టుకుంటే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"దొరికేది వాడేనని ముందే చెప్పాను కదవ్వా?"

"చెప్తివి. అయినా తప్పించుకుంటాడేమో అనుకుంటినప్పా."

నాకేమీ అర్థం కాలేదు. హంతకుడెవరో తెలిసీ ఆ కథ మళ్లీ తెరిచింది నేనే కదా అన్న సంగతి, పులివెందులలో బస్సు దిగాక గానీ తట్టలేదు.