రెండు వేళ్ళు పెద్ద స్టెప్నీ

పోయిన ఆదివారం మా అల్లుడి చెల్లెలు ఢిల్లీ నుంచి వస్తుంటే, ఆమెను తీసుకురావడానికి అల్లుడూ నేనూ విమానాశ్రయానికి బయలుదేరాం. బుద్వేల్ నుంచి ఎంత దూరం లే అనుకున్నాం గాని, గగన్‌పహాడ్ దాటకముందే ముందు చక్రం గాలి పోయింది. అల్లుడు డిక్కీ తెరిచి కింద పరిచిన పలక ఎత్తితే, లోపల ఉన్నది కారు చక్రమా, ఏ స్కూటరుదో తెచ్చి పెట్టారా అని నాకు అనుమానం వచ్చింది. మిగతా నాలుగింటిలో సగం వెడల్పు కూడా లేదు, పైగా ఎనభై దాటించి నడపొద్దని దాని మీద ఒక పసుపు చీటీ. ఇంత కారు అమ్మినవాళ్ళకు ఐదో చక్రం ఇచ్చేసరికి చేతులు రాలేదా అని నేను గొణుగుతుంటే, ఈ మధ్య చాలా కార్లకు ఇంతే అత్తమ్మా, చోటు కలిసొస్తుందని సర్దిచెప్పి, పానా ముట్టుకోకుండానే ఫోను తీసి ఎవరికో కబురు చేశాడు.

ఆ వచ్చేవాడు వచ్చేదాకా ఎండలో నిలబడి నేను పడ్డ చిరాకు అంతా ఇంతా కాదు. చిన్న విషయానికి ఇంత కోపమెందుకని అల్లుడు మనసులో అనుకునే ఉంటాడు. అతనికేం తెలుసు, సరిగ్గా ఆ రోడ్డు మీదే, సైజు కుదరని ఇంకో స్టెప్నీ మూలాన, చేతిదాకా వచ్చిన ఉద్యోగం పోగొట్టుకున్న మనిషిని నేను.

అప్పటికి విమానాశ్రయం కొత్తగా తెరిచారు. మా ఆయన సొంత టాక్సీ నడిపేవాడు, ఆరాంఘర్ దగ్గర అడ్డా. ఆ అడ్డాలో ఒక ఆచారం ఉండేది, ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారేమో. శ్రీశైలమో తిరుపతో దూరం కిరాయి దొరికినవాడు రెండు స్టెప్నీలు వేసుకుని పోవాలి, ఒకటి తనది, రెండోది ఆ రోజు ఊళ్ళోనే తిరిగేవాడి దగ్గర అడిగి తీసుకున్నది. ఊళ్ళో ఉన్నవాడికి స్టెప్నీతో పనేముంది, అడుగుకో పంక్చర్ దుకాణం ఉంది కదా అని వాళ్ళ లెక్క. మా ఆయనకు లేదనే మాట నోట రాదు, కాబట్టి మా బండి డిక్కీలో కూరగాయలు, గొడుగు, నీళ్ళ సీసా అన్నీ ఉండేవి గాని, స్టెప్నీ ఉన్న రోజులు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక ఉద్యోగం మాట. నేను పది పాసయ్యాను, ఆ కాగితం పెళ్ళినాటి ట్రంకుపెట్టెలో చీరల అడుగున పడి ఉంది. విమానాశ్రయంలో శుభ్రం చేసే ఆడవాళ్ళ మీద సూపర్‌వైజర్లు కావాలని, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళనే తీసుకుంటారని తెలిసి దరఖాస్తు పెడితే, ఎవరి సిఫారసూ లేకుండా నా పేరు వచ్చింది. ఆ సంతోషం ఎట్లా చెప్పను, ఇంట్లో పొయ్యి దగ్గర తప్ప నా పేరుతో ఎవరికీ పనిలేదనుకున్నదాన్ని, కాగితం మీద అచ్చయిన నా పేరును పదిసార్లు చదువుకున్నాను. ఒకటే షరతు, సోమవారం తొమ్మిదిలోపు కాంట్రాక్టరు ఆఫీసుకు వచ్చి ఫోటో దిగి పాసు తీసుకోవాలి, రానివాళ్ళ చోటు వెనకవాళ్ళకు పోతుంది. వాళ్ళు పెట్టిన వయసు హద్దుకు నాకు రెండు నెలలే మిగిలి ఉన్నాయి, అంటే ఇంకోసారి అనేది లేదు.

ఆ సోమవారం ఎనిమిది కాకముందే బయలుదేరాం. నీలం చీర గంజి పెట్టి ఇస్త్రీ చేయించుకున్నాను, కూర్చుంటే నలుగుతుందని వెనక సీటులో నిటారుగా కూర్చున్నాను. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల దగ్గర ఏదో ఇనుప రేకు తగిలి ముందు ఎడమ టైరు పక్కకు చీలింది, పంక్చర్ వేసినా ఆగేది కాదు. మా ఆయన డిక్కీ తెరిచి స్టెప్నీ బయటికి తీసి, దాన్ని నిలబెట్టి, అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. రిమ్ముకు చిలకపచ్చ రంగు, టైరేమో మా బండి టైర్ల కంటే రెండు వేళ్ళు ఎత్తు ఎక్కువ.

రోడ్డు పక్క పంక్చర్ దుకాణం ముసలాయన వచ్చి కొలిచినట్టు చూసి, మా బండి సైజు తన దగ్గర లేదన్నాడు. బోల్టులు కూర్చుంటాయి గాని జాగ్రత్త అని చెప్పాడు. "జర నా మాట విను భాయ్, దీన్ని ముందట ఎయ్యకు. ఎనక చక్రం ఇప్పి ముందటికి తే, దీన్ని ఎనకకు ఎయ్యి. స్టీరింగ్ గుంజుతది." మా ఆయన నా ముఖం చూశాడు, చేతి గడియారం చూశాడు, రెండు చక్రాలు మార్చే టైము లేదని దాన్ని ముందు వైపే బిగించేశాడు. ఆ తొందర నా కోసమే.

ముసలాయన అన్నట్టే అయింది. బండి కుడికి, లారీలు పోయే వైపుకు గుంజడం మొదలుపెట్టింది, మా ఆయన రెండు చేతులా స్టీరింగు పట్టుకుని చెమటలు కక్కుతూ ఇరవైలో నడిపిస్తున్నాడు. సిటీ బస్సులు మమ్మల్ని దాటిపోతున్నాయి, శంషాబాద్ బోర్డు ఉన్నవే రెండు పోయాయి, దిగి ఎక్కితే నేను సమయానికి చేరేదాన్నే. దిగలేదు. దిగకపోగా నోరు విప్పాను. అడ్డాలో ప్రతివాడికీ దానకర్ణుడివి, పెండ్లానికి ఒక్కరోజు పని పడితే ఈ గతి, ఎవనికిచ్చినవో, ఎవడు తెచ్చి ఈ దిక్కుమాలినదాన్ని పారేసిండో అని సాతంరాయి దాకా ఆపకుండా తిట్టాను.

అసలు మాట ఇప్పుడు చెప్తాను, ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ చక్రం ఎవరిదో నాకు తెలుసు. సాతంరాయిలో ఉండే మా తమ్ముడిదీ టాక్సీయే, మా బండి కంటే కొత్త రకం, తన బండి రిమ్ములకు చిలకపచ్చ రంగు వేసుకునే పిచ్చి వాడొక్కడికే. అంతకు వారం ముందు శ్రీశైలం కిరాయి దొరికిందని వాడు స్టెప్నీ కోసం వస్తే, ఈసారి వద్దులే అని మా ఆయన మొట్టమొదటిసారి వెనకాడాడు. ఊళ్ళో వాళ్ళందరికీ ఇచ్చి నా తమ్ముడి దగ్గరకొచ్చేసరికి చెయ్యి వెనక్కి పోయిందా అని దెప్పి నేనే ఇప్పించాను. మా టైరు ఘాట్లో పగిలిందట. తిరిగి వచ్చి, మా ఆయన స్నానం చేస్తుండగా తన స్టెప్నీ నా చేతికే ఇచ్చి, "నాలుగు బోల్టులు గవే అక్కా, బావకు చెప్పు" అని వెళ్ళిపోయాడు. టైరు కొత్తది, గోరంత లోతు గాడులున్నాయి, పెద్దదైతే ఇంకా మంచిదే కదా, మా తమ్ముడు మంచిదే ఇచ్చాడని మురిసిపోయి, నా చేతులతోనే డిక్కీలో దొర్లించి పైన గోనెపట్టా కప్పాను. చెప్పడం మరిచిపోయాను. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, నా మీద నాకున్న కోపాన్నంతా ఆ ఉదయం ఆయన నెత్తిన పోశాను.

సాతంరాయి దాటాక లారీ ఒకటి వెంట్రుకవాసిలో తప్పిపోయింది. ఇక లాభం లేదని ఆయన బండి పక్కకు ఆపాడు. ఉన్నది ఒకటే జాకీ, కింద రాళ్ళు పేర్చి, వెనక చక్రం ముందుకు, ఆకుపచ్చ చక్రం వెనక్కు మార్చడం మొదలుపెట్టాడు. అప్పుడు కూడా ఊరుకున్నానా, ఎదురుగా నిలబడి, చెప్పు, ఎవడిచ్చిండు నీకు ఇది అని అడిగాను. ఆయన తలెత్తలేదు, చేతికంటిన పచ్చ రంగు పెచ్చును గుడ్డతో తుడుచుకుంటూ, "ఏమో, నాకు యాదికి లేదు" అన్నాడు.

ఆ రంగు ఎవరిదో ఆయనకు తెలియకపోవడమేమిటి, వాళ్ళిద్దరూ రోజూ పక్కపక్కన బండ్లు పెట్టుకునేవాళ్ళు. నేను తెచ్చింది నేనే ఒప్పుకోవాల్సిన ఘడియ అదే, ఒప్పుకోలేదు, వెళ్ళి వెనక సీటులో కూర్చున్నాను.

మేము చేరేసరికి పది కావస్తోంది. గేటు దగ్గర కుర్చీలో ఉన్న అతను మంచివాడే, కాగితం చూశాడు, లోపలికి ఫోను చేశాడు, తర్వాత నా వైపు చూడకుండా "అయిపోయిందక్కా, ఎనకామెను పిల్సిండ్రు" అన్నాడు. మా ఆయన అతన్ని బతిమాలుతుంటే, నల్లటి చేతులు జోడించి నిలబడ్డ ఆ మనిషిని చూడలేక నేనే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. నలగకూడదనుకున్న చీర నలగలేదు, అదే పెద్ద ఏడుపు తెప్పించింది.

తర్వాత మా బండికి సరిపోయే స్టెప్నీ కొన్నాడు, నాలుగు రోజులకే దాన్నీ ఎవరికో ఇచ్చాడు. ఆకుపచ్చదాన్ని ఎవరిదో వాళ్ళకే తిరిగి ఇచ్చేద్దామని నేనంటే, ఇచ్చినోడు ఊకెనే పరేషాన్ అయితడు, ఉండనీ అన్నాడు. అది పెరట్లో నీళ్ళ డ్రమ్ము కింద చేరింది. నేను ఇంటి దగ్గరే జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయాను. ఆయన పోయి ఎనిమిదేళ్ళు, బండి అమ్మేశాం, ఆ చక్రం మాత్రం ఏ బండిదీ కాదు కాబట్టి ఎవరూ తీసుకుపోలేదు. ఆయన పోయేలోపు ఎన్ని రోజులున్నాయి, ఎన్ని సాయంత్రాలు ఇద్దరమే చాయ్ తాగుతూ కూర్చున్నాం, ఒక్కరోజు, అది నేను పెట్టిందే అని చెబితే నా సొమ్మేం పోయేది? ఉద్యోగం పోయినందుకు కాదు, ఇప్పుడు నాకు కోపం దీనికి.

ఆదివారం అల్లుడు పిలిచిన మనిషి బండి మీద వచ్చాడు, ఆ సన్న చక్రం బిగించాడు, పని బాగుందని అల్లుడితో ఫోనులో నక్షత్రాలు పెట్టించుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరూ ఎవరినీ తిట్టలేదు, చెల్లెలు కూడా సమయానికే దొరికింది. ఇప్పుడు ఎవరి స్టెప్నీ వాళ్ళదే, ఒకరి చక్రం ఇంకొకరి డిక్కీలోకి వచ్చే మాటే లేదు, అలాంటి పొరపాట్లూ లేవు, ఇది మంచికే అని ఒప్పుకుంటాను. అయినా ఒకరి తప్పు ఇంకొకరు మోయాల్సిన పని కూడా ఎవరికీ లేకుండా పోయింది కదా అనిపించింది.

ఇంటికి వచ్చాక అల్లుడు పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ డ్రమ్ము కిందకు చూసి, ఇదెవరిది అత్తమ్మా, తుక్కులో వేద్దామా అన్నాడు. ఏమో, నాకు యాదికి లేదు అనబోయాను. ఆ మాట ఆయనకే చెల్లింది. మా తమ్ముడిది, నేనే తెచ్చి పెట్టాను అన్నాను.