సింహానికీ పులికీ వరస కలిపిన పాపమ్మ

రివియేర్ దు రాంపార్ అనే దీవి ఊళ్ళోని తెలుగువాళ్ళలో పాపమ్మను అడక్కుండా ఏ పెళ్ళీ జరిగేది కాదు. ఎవరికి ఎవరు ఏమవుతారో ఆవిడకు కంఠతా వచ్చు. అక్కడి వరసలు మామూలువి కావు. తాతలు చెరకుతోటల పనికి ఒకే ఓడలో వస్తే చాలు, అన్నదమ్ములైపోయినట్టే. వాళ్ళ మనుమలకు పెళ్ళి కుదరదు.

పెళ్ళి చేసుకోవాలనుకున్న నారాయణకూ కామినికీ ఆవిడ అడ్డుపడింది అక్కడే.

"మీ తాతలు ఓడ అన్నదమ్ములు. అది నీకు చెల్లెలవుద్దిరా," అని తేల్చేసింది.

ఆ ఏడాది పోర్ట్ లూయిస్‌కు సర్కస్ వస్తే ఊరు ఊరంతా రైలెక్కింది. బోనుల దగ్గర మిషెలిన్ అనే సర్కస్ మనిషి నిలబడి, జంతువుల సంగతులు ఆ దీవి భాష క్రియోల్‌లో చెబుతోంది.

"సింహం, పులి, చిరుత ఒకే పూర్వీకుడి సంతానం. లక్షల ఏళ్ళ కిందట ఒకటే పెద్దపిల్లి. దాని పిల్లలు తలో దేశం పోయి తలో రూపానికి వచ్చాయి. మూడూ గర్జిస్తాయి కాబట్టి ఒకే ఇంటివి. ఈ చీతాకు చిరుతలాగే మచ్చలున్నాయి గానీ గర్జించదు. ఇది వేరే శాఖ."

"మచ్చలు చూసి చుట్టరికం కలపకూడదు. బాగా చెప్పావు," అని పాపమ్మ మెచ్చుకుంది. పక్క బోనులోకి చూసి, "చారలు సగం వెలిసిపోయిన ఈ కూన ఎవరిది?" అంది.

"తండ్రి సింహం, తల్లి పులి."

పాపమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏటమ్మా మామ్జెల్! ఇప్పుడే గదా ఒకే ఇంటివన్నావు? అన్నదమ్ముల పిల్లలకు పెళ్ళి చేసీసారా? ఎవరు కుదిర్చారు?"

"ఎవరూ కుదర్చలేదు. పక్కపక్కనే పెరిగాయి."

"మరి అందుకే పెంచకూడదు!"

జనం గొల్లుమన్నారు. కూన బోను ఊచల్లోంచి పాపమ్మ చీరకొంగు లాగింది. ఆవిడ కోపం అక్కడే కరిగిపోయింది. అంత ముద్దొచ్చే బిడ్డను తప్పు సంబంధానికి పుట్టిందనడానికి నోరు రాలేదు. కాసేపు వేళ్ళు మడిచి, తెరిచి, చివరికి తీర్పు చెప్పింది.

"ఆ పెద్దపిల్లికి కొడుకుతో పాటు కూతురూ ఉండుంటది. కొడుకు వంశం సింహాలు, కూతురి వంశం పులులు. మేనరికం! దోషం లేదు."

"పుస్తకాల్లో అలా లేదమ్మా," అంది మిషెలిన్.

"పుస్తకాలు రాసినోళ్ళు ఎన్ని పెళ్ళిళ్ళు చేశారు?"

వెనకనుంచి నారాయణ గొంతు వినిపించింది. "అత్తా, లక్షల ఏళ్ళనాటి పిల్లికి కూతుర్ని కనిపెట్టావు. మా తాతల సంగతి ఇంకోసారి కనుక్కోరాదా?"

తిరుగు రైల్లో పాపమ్మ వేళ్ళ మీద వరసలు లెక్కపెడుతూనే ఉంది. మర్నాడు పొద్దున్నే రామలు ఇంటికి వెళ్ళింది. నారాయణ, కామినిల తాతలతో ఆ ఓడలో వచ్చినవాళ్ళలో మిగిలింది ఆ ముసలాయన ఒక్కడే.

"తాతా, వాళ్ళిద్దరూ ఓడలో ఏమని పిలుచుకునేవోళ్ళు?"

"పిలుచుకోడం ఏటి? దారిపొడుగునా తన్నుకోడమే. 'చెంబు తియ్యరా బావా', 'నువ్వే తియ్యరా బావా' అని."

"బావ అన్నారా!"

"అది వెటకారమే పిల్లా."

"అన్నారా, లేదా?"

"అన్నారు."

పాపమ్మ తిన్నగా కామిని ఇంటికి వెళ్ళి సంబంధం ఖాయం చేసింది.

"నిన్నటిదాకా అన్నయ్య కదత్తా?" అంది కామిని నవ్వాపుకుంటూ.

"నిన్న నిన్నే. తాంబూలాలు తియ్యి," అంది పాపమ్మ.

పెళ్ళి పందిట్లో రామలు లేచి, ఆ బావ మాట వెటకారమని అందరికీ చెప్పబోయాడు. పాపమ్మ ఆయన నోట్లో బూరె పెట్టింది. అది మింగేలోగా ఇంకోటి పెట్టింది.