ఇంగువ అని చెప్పిన రోజు

మా సాంబారు పొట్లాల్లోకి రొయ్యల వాసన ఎలా వచ్చిందో నాకు మొదటి నుంచీ తెలుసు. విచారణలో ఆ మాట చెప్పలేదు. ఉద్యోగ విరమణ చేశాక ఇప్పుడు రాస్తున్నాను.

కోవిడ్ ఆంక్షలు సడలిన ఏడాది కౌలాలంపూర్‌కు ఉత్తరాన పేరాక్ తీరంలో, హుటాన్ మెలింటాంగ్ దగ్గర ఒక ఆహార కర్మాగారంలో నన్ను ఉత్పత్తి సూపర్‌వైజరుగా వేశారు. వేడి చేసుకుని తినే శాకాహార వంటకాలు మా సరుకు: సాంబారు, పప్పు, శనగల కూర. కౌలాలంపూర్‌లో భార్యాభర్తలిద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో అన్నం ఉడికేలోపు పొట్లాన్ని మరిగే నీళ్లలో వేసి, అంచు కత్తిరించి వడ్డించుకుంటారు. వండిన కూరను పొట్లాల్లో నింపి, అంచు అతికించి, రిటార్ట్ అనే మూతబిగింపు పాత్రలో ఆవిరి ఒత్తిడి మీద వేడిచేస్తే నెలల తరబడి చెడదు.

కష్టమంతా వంటకం మార్చేటప్పుడే. అదే లైనులో రొయ్యల సంబల్ అనే కారపు కూర కూడా చేసేవాళ్లం. దాని తర్వాత శాకాహారం ఎక్కించాలంటే పంపు, గొట్టాలు విప్పి, క్షారంతో కడిగి, మళ్లీ బిగించాలి. ఆపైన రుచి పరీక్ష. రుచి చూసే మనిషి సరే అంటేనే నింపడం మొదలు.

ఆ మనిషి సింహాచలం అక్క. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టిన మనిషి. ఆ షిఫ్టులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. రుచి చూసే చెంచా పట్టుకోవడమంటే ఆవిడకు గర్వం.

“మన పొట్లం పప్పు తిని మా ఇంటాయన ‘ఇయ్యాల బాగా వండినావే’ అన్నాడు బాబూ. పెళ్లయ్యాక మొదటిసారి మెచ్చుకున్నాడు లా, అదీ కంపెనీ వంటని!” అని, ఇక్కడివాళ్లలా మాట చివర ‘లా’ తగిలించి నవ్వేది.

పురట్టాసి అనే వ్రతాల నెలలో ఇక్కడి తమిళులూ మనవాళ్లూ చాలామంది మాంసం మానేస్తారు. మాకు ఆర్డర్లు ఎక్కువ. ఆ ఏడు అక్క కూతురికి గుండె ఆపరేషన్ జరిగింది. పిల్ల కోలుకునేదాకా నీసు ముట్టనని అక్క మొక్కుకుంది. లైనులో అందరికీ తెలుసు.

ఆ రోజు సంబల్ పని ఆలస్యంగా ముగిసింది. సూపర్‌మార్కెట్‌కు వెళ్లాల్సిన లారీ వాకిట్లో ఉంది. గొట్టాలు విప్పిస్తే సరుకు ఆ పూట వెళ్లదు. వాటిలోంచి వేడినీళ్లు మాత్రం తోయించి, శుభ్రం చేయడం అయిపోయిందన్నాను.

అక్క చెంచా నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

“ఏటి బాబూ, నీసు వాసనొస్తంది?”

గాజు తలుపు అవతల నింపే యంత్రం దగ్గర ఆడవాళ్లు గ్లవ్స్ తొడుక్కుని మావైపే చూస్తున్నారు. లారీ డ్రైవరు హారన్ కొట్టాడు.

“నీసు కాదక్కా, ఇంగువ. కొత్త రకం లా.”

“నిజమేనా? మొక్కులో ఉన్నాను బాబూ.”

“ఇంగువే.”

నా ముఖం వైపు చూసింది. ఇంకో చెంచా తిని తల ఊపింది.

కొన్నాళ్లకు వ్రతంలో ఉన్న ఒక ఇంటి నుంచి ఫిర్యాదు వచ్చింది. ప్రయోగశాల రొయ్య ఉందని తేల్చింది. సరుకు వెనక్కి తెప్పించాం. రొయ్య పడనివాళ్లెవరూ తినకపోవడం మా అదృష్టం, నా జాగ్రత్త కాదు.

మేనేజరు మా ఇద్దరినీ పిలిచి, రుచి చూసి ఎలా ఒప్పుకున్నావని అక్కను అడిగాడు. ఆవిడ నావైపు చూసింది. నేను చెబుతానని ఆగింది. నేను బల్ల అంచు చూస్తూ నిలబడ్డాను. చివరికి తప్పు తనదేనని మలయ్‌లో అంది. బయటికొచ్చాక నన్నే ఓదార్చింది: “ఏటి సేస్తాం బాబూ. నువ్వూ ఇంగువే అనుకున్నావు గదా.”

ఆ మాటలో నేను తప్పించుకునే దారి ఉంది. తీసుకున్నాను.

ఆవిడను అట్టపెట్టెలు కట్టే పనికి మార్చారు. “అక్కా, అది అట్ట, నాకి చూడకు!” అని తోటివాళ్లు తమిళంలో ఆటపట్టించేవారు. వాళ్లతో కలిసి నవ్వేది. మొక్కును మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. కొన్ని నెలలకు పని మానేసింది.

ఆ తర్వాత నేనొక నియమం పెట్టించాను: విప్పిన గొట్టాలు రుచి చూసేవారికి ముందు చూపించాలి, ఆ గదిలో సూపర్‌వైజరు ఉండకూడదు. హెడ్డాఫీసు మెచ్చుకుంది. ఎందుకు పెట్టానో ఎవరూ అడగలేదు. ఈ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. రుచి చూసేవారికి ‘వద్దు’ అనే హక్కు ఇస్తే చాలదు. ఆ ‘వద్దు’కు వేరే అర్థం చెప్పే పై అధికారి పక్కన ఉండకూడదు.

ఈ మధ్య బాగన్ దాతుక్‌లో అక్క ఇంటికి వెళ్లాను. కోలుకున్న కూతురే తలుపు తీసింది. అక్క అప్పటికప్పుడు పొయ్యి మీద నీళ్లు పెట్టి, పప్పు పొట్లం వేసింది.

“సెప్పకుండా వచ్చినావు, పొట్లమే గతి లా,” అంది. పక్కన చారు కాగుతోంది. గరిటె కూతురి చేతికిచ్చి ఉప్పు చూడమంది. నాతో, “నా నాలిక మాట నానే నమ్మను బాబూ. పాడైపోనాది,” అంది.

అక్క కూర్చోమన్నా నేను కూర్చోలేదు.

“నీ నాలుక ఆ రోజు సరిగ్గానే చెప్పిందక్కా,” అన్నాను. “గొట్టాలు నేను విప్పించలేదు. నీసేనని తెలిసే ఇంగువన్నాను. మేనేజరు గదిలో నువ్వు నావైపు చూసినా నోరు విప్పలేదు. నీ మొక్కు చెడగొట్టింది నేను. నన్ను క్షమించు.”