బోల్టు బిగించింది నేనే

సత్తెనపల్లి దగ్గర మాకు పత్తి, మిరప సాగు. రెండేళ్ళ క్రితం నా కారు ఇంజన్‌లో తేడా శబ్దాన్ని పసిగట్టే నాక్ సెన్సర్ పోతే, టౌన్లో షెడ్డు నడిపే మస్తాన్ కొత్తది వేశాడు. ఇంటికొచ్చి బానెట్ ఎత్తి చూశాను. పొలంలో బోరు మోటారు బోల్టులు బలం కొద్దీ బిగించే అలవాటు నాది. సెన్సర్ బోల్టు వదులుగా ఉన్నట్టనిపించి, స్పానర్‌తో ఇంకాస్త గట్టిగా తిప్పాను.

మర్నాడే డాష్‌బోర్డు మీద లోపం ఉందని చూపే ఇంజన్ లైటు మళ్ళీ వెలిగింది. నేరుగా షెడ్డుకెళ్ళి, కస్టమర్లందరి ముందు అరిచాను.

"ఏరా మస్తానూ, డూప్లికేట్ సరుకేసి పంపుతావా?"

అది విని ఒకాయన తన కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

మస్తాన్ బానెట్ ఎత్తాడు. బోల్టు విప్పబోయి ఆగి, నావైపు చూశాడు. తర్వాత నేను చెయ్యిపెట్టానని అతనికి అర్థమైపోయింది. నేను పక్కకి చూశాను. అతను మాత్రం సెన్సర్ తీసి తుడిచి, బిగువు కొలిచే రెంచితో మెల్లగా బిగించాడు. లైటు ఆరిపోయింది.

అందరూ వెళ్ళాక నవ్వుతూ అన్నాడు.

"అన్నా, ఇది ఇంజన్‌కి చెవి. అట్లా నలిపేస్తే ఏం వినపడుద్ది?"

"మరి వాళ్ళ ముందే చెప్పొచ్చుగా?"

"మీరు పెద్దోళ్ళు. చెప్తే మీరే చెప్పాలి."

అంతటి మర్యాద నేనెవరిలోనూ చూడలేదు. అయినా ఇన్నాళ్ళూ నోరు విప్పలేకపోయాను. మస్తాన్ వేసింది అసలు సరుకే. ఆ రోజు కారు తీసుకుని వెళ్ళిపోయినాయనా, ఇది చదివితే, దయచేసి మళ్ళీ అతని దగ్గరికే వెళ్ళండి.