సాయిలన్న గురక

మొన్న మోతీనగర్‌లో మంగలి షాపులో గడ్డానికి నురగ పూయించుకుని కూర్చున్నాను. గోడ మీది టీవీలో తొంభైల నాటి సినిమా వస్తోంది. లారీ డ్రైవరు వేషం వేసిన హాస్యనటుడు స్టీరింగు మీద తల వాల్చి గురక పెడుతున్నాడు. ముందు రంపం కోసినట్టు లాగడం, మధ్యలో ఊపిరి ఆగిపోవడం, చివర సన్నటి ఈలతో వదలడం. షాపులో అందరూ పగలబడి నవ్వారు. మంగలి కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ గురక ఆ నటుడిది కాదు. డబ్బింగ్ థియేటర్లో మైకు ముందు నిలబడి పెట్టింది నేను. నిజం చెప్పాలంటే నాదీ కాదు. నాకు లారీ నడపడం నేర్పిన సాయిలన్నది.

ఎనభైలు ముగిసే రోజుల్లో తెనాలి నుంచి వచ్చాను. మా మేనమామ ఫిలింనగర్‌లో షూటింగులకు లైట్లు అద్దెకిచ్చే కంపెనీలో మేనేజరు. లైట్ల లారీ నేర్చుకోమని నన్ను సాయిలన్న పక్కన కూర్చోబెట్టాడు. సాయిలన్నది మెదక్ వైపు పల్లె, కాపురం బోరబండలో. పదకొండేళ్ళుగా ఆ లారీ ఆయన చేతిలో ఉంది, ఎక్కడా చిన్న గీత పడలేదు. తెల్లవారేసరికల్లా జూబ్లీహిల్స్‌లో ఏ బంగళా ముందో బండి నిలిపితే, లైట్లు దించుకుని యూనిట్ వాళ్ళు లోపలికి పోయేవారు. మళ్ళీ సాయంత్రం సర్దుకునేదాకా డ్రైవరుకు పని లేదు. సాయిలన్న సీటు మీద వెల్లకిలా పడుకునేవాడు. నేను తలుపుకు ఒరిగి, కాళ్ళు ముడుచుకుని కూర్చునేవాణ్ణి. రెండు నిమిషాల్లో మొదలయ్యేది. అద్దాలు అదిరేవంటే నమ్మండి. లారీ కిందకు దూరి పడుకుంటే అక్కడికీ వినిపించేది. పక్కకు తిప్పితే దుంగలా దొర్లి మళ్ళీ వెల్లకిలా వచ్చేవాడు.

“అన్నా, మీ గురకతో నాకు పిచ్చెక్కుతోంది” అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

“నిద్ర గావాల్నా, డ్రైవింగ్ గావాల్నా? నిద్ర గావాలంటే మీ ఊరికి పో.”

పంతం పట్టి చెవుల్లో దూది కుక్కుకోవడం మొదలుపెట్టాను. ఒకసారి ఆ దూది తీయడం మరిచిపోయి స్టీరింగు ముందు కూర్చున్నాను. జూబ్లీహిల్స్ దిగుడులో గేరు మార్చబోతే బండి కీచుమని అరిచింది, నాకేమో ఏమీ వినపడలేదు. సాయిలన్న పక్కకు ఆపించి, నా చెవిలోంచి దూది పీకి అరచేతిలో పెట్టుకుని చూశాడు. చెంప పగిలిందే అనుకున్నాను.

“గిదేంది తమ్మీ? బండి ఏం చెప్తున్నదో చెవులతోనే ఇనాలె. దూది వెట్టుకుంటే ఎట్ల నడుపుతవ్?” అని దూది బయటికి విసిరేశాడు. “రేపటిసంది నువ్వు ముందుగాల పండుకో. నీకు నిద్ర వట్టినంక నేను పండుకుంట.”

అన్న మాట నిలబెట్టుకున్నాడు. చేతిలో బీడీ ఆరిపోయినా తెలియనంత నిద్రమత్తులో ఉండి కూడా, నా కళ్ళు మూతపడేదాకా తల వాల్చేవాడు కాదు. మధ్యలో నాకు మెలకువ వస్తే వినేవాణ్ణి, నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగినచోట మాట్లాడేవాడు కూడా. “బ్రేకు దొక్కకు తమ్మీ, గేరు దించు. ఫికర్ చెయ్యకు, నేనున్న.” కలలో సైతం ఆ మనిషి నాకు పాఠమే చెబుతున్నాడు. నాకప్పుడు అంత బుర్ర లేదు. నవ్వొచ్చింది, అంతే.

నవ్వు నాలుగు విధాల చేటని ఊరికే అనలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక లైట్‌మెన్ నన్ను చుట్టుముట్టి “ఏదీ, మీ గురువుగారిది ఒకసారి” అనేవారు. గురకా, ఈలా, నిద్రలో మాటలూ, ఆ యాసతో సహా దింపేసేవాణ్ణి. ఒకరోజు అసోసియేట్ డైరెక్టరు చూసి పొట్ట పట్టుకున్నాడు. ఆ రోజుల్లో మన సినిమాల్లో తెలంగాణ మాట నవ్వించడానికో, రౌడీ నోట బెదిరించడానికో తప్ప పనికొచ్చేది కాదు. నిద్రపోతూ లారీని చెరువులోకి తోలే డ్రైవరు పాత్ర ఒకటి పుట్టింది. గురక కోసం మళ్ళీ డబ్బింగుకు వచ్చే తీరిక ఆ నటుడికి లేదు. నన్ను పిలిచారు. కాదనలేకపోయానని చెప్పుకుంటే అబద్ధం. తల దువ్వుకుని మరీ వెళ్ళి, గురకతోపాటు ఆ నిద్రమాటలు కూడా మైకులో పెట్టి వచ్చాను.

సినిమా వచ్చాక సాయిలన్న భార్యనీ కూతుర్నీ తీసుకుని మ్యాట్నీకి వెళ్ళాడట. హాలంతా నవ్వుతుంటే కూతురు “నాయినా, గది నువ్వే గదా!” అందట. ఇది తర్వాత ఆమే నాకు చెప్పింది. వారం తిరక్కుండా ఫిలింనగర్‌లో డ్రైవర్లంతా ఆయన కనబడితే చాలు ఈల వేయడం మొదలుపెట్టారు. అంతటితో ఆగినా బాగుండేది. ఒక నిర్మాత మా మేనమామతో “ఆ నిద్రపోతుగాడు తోలే బండి మాకొద్దు” అన్నాడు. పదకొండేళ్ళు బండికి గీత పడనివ్వని మనిషి, తెర మీద ఎవడో చెరువులోకి తోలినందుకు నిద్రపోతు అయ్యాడు. మా మామ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అల్లుడికి లారీ దొరుకుతుంటే ఎందుకు చెబుతాడు? నేనూ చెప్పలేదు. గురువుకు పంగనామం పెట్టడమంటే ఇదే.

ఆఫీసు ముందు తాళంచెవి నా చేతిలో పెట్టాడు సాయిలన్న. “తప్పయిపోయిందన్నా” అనాలని గొంతుదాకా వచ్చింది. ఆయనే ముందు మాట్లాడాడు.

“గురకదేముంది తమ్మీ, అందరు వెడ్తరు. నీకు చెప్పిన మాటలెందుకు వాళ్ళకిచ్చినవ్?”

తిట్టినా బాగుండేది. ఆయన బోరబండ వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగేళ్ళ తర్వాత జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా గేటు దగ్గర వాచ్‌మన్ డ్రెస్సులో కనిపించాడు. చిక్కిపోయాడు. డ్యూటీ దిగే వేళ కావడంతో, ఇంటి దగ్గర దింపుతానని బతిమాలి లారీ ఎక్కించుకున్నాను. నేను గేర్లు మారుస్తుంటే చూశాడు. “మంచిగ నడుపుతున్నవ్” అన్నాడు. ఆ ఒక్క మెప్పు నన్ను కుళ్ళబొడిచింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రెప్పలు వాలిపోతున్నాయి. ఎర్రగడ్డ దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయాం.

“కాసేపు కునుకు తియ్యన్నా, ఇల్లు రాగానే లేపుతాను.”

తల అడ్డంగా ఊపాడు. “నలుగుట్ల నిద్ర పోవుడు బంద్ వెట్టిన.”

“ఇక్కడ నలుగురెక్కడున్నారన్నా? నేనొక్కణ్ణేగా.”

ఆయన కిటికీ చువ్వను గట్టిగా పట్టుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని ఇల్లు వచ్చేదాకా రోడ్డునే చూస్తూ కూర్చున్నాడు. నా నిద్ర కోసం తన నిద్ర ఆపుకున్న మనిషి నా పక్కన కళ్ళు మూయడానికి భయపడ్డాడు. ఆ భయం పెట్టింది నేను. ఆయన పోయి చాలాకాలమైంది కాబట్టి, తీసే దారి కూడా లేదు.