నలభై సెకన్ల మౌనం

అమెరికాలో, అరోరా అనే ఊళ్లో మా క్వార్టెట్ రిహార్సల్స్ ఒక చర్చి బేస్‌మెంట్‌లో జరిగేవి. రెండు వయొలిన్లు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా ఒకటి, నేలమీద నిలబెట్టి వాయించే చెల్లో ఒకటి. ఈ కాలం వాళ్లు రాసిన సంగీతం తప్ప మరొకటి ముట్టుకోకూడదని నేను చేరకముందున్న నలుగురూ కాలేజీ రోజుల్లోనే ఒట్టు పెట్టుకున్నారట. వినేవాళ్లు పారిపోతున్నా ఒట్టు తప్పలేదు. రెండో వయొలిన్ ఆవిడ ఊరు మారిపోతే ఆ కుర్చీ నాకు వచ్చింది, అదీ ఒక సీజన్ ట్రయల్ మీద. విజయవాడలో పదేళ్లు గాత్రానికి వయొలిన్ పక్కవాద్యం వాయించినదాన్ని, ఇక్కడికొచ్చాక వీళ్ల పద్ధతిలో మళ్లీ మొదటి నుంచి నేర్చుకున్నాను. ఆ కుర్చీ నాకే దక్కాలని ఎంత తపించానో చెప్పుకోవాలంటే సిగ్గు.

ఆ ఏడాది ఒక కంపోజర్ మాకోసమే కొత్త రచన చేశాడు. మధ్యలో చెల్లో ఒక చిన్న ముక్క వాయించి ఆగిపోతుంది. తర్వాత నలభై సెకన్లు ఎవరూ కదలకూడదు. చనిపోయిన తమ్ముడి కోసం ఆయన పెట్టుకున్న మౌనం అది. రిహార్సల్స్‌లో బుద్ధిగానే కూర్చున్నాను.

కచేరీలో చెల్లో ఆగింది. మా కర్ణాటక సంగీతంలో పాడేవారు ఊపిరి తీసుకునే ఖాళీలో, వాళ్లు పాడిన సంగతిని వయొలిన్ అందుకుని పలికించాలి. నా చెయ్యి అందుకుంది. నాలుగు స్వరాలు, చివరి స్వరాన్ని వంచే గమకం కూడా! వాయించింది నేనేనని తెలిసేసరికి కమాను తీగల మీంచి లాగేసుకున్నాను. పక్కనున్న మొదటి వయొలిన్ ఆయన, మా లీడర్, నావైపు చూడనైనా లేదు.

"అందరూ ఆగారు కదా, నువ్వొక్కదానివే వాయించావేంటి? ప్లాన్ చేసిందేనా?" అన్నారు మావారు కారులో.

"మీరు నోరు మూసుకుని డ్రైవ్ చేస్తారా?" అన్నాను.

వారం తర్వాత, ఇక నన్ను తీసేస్తారనుకుంటూనే రిహార్సల్‌కి వెళ్లాను. స్టాండ్ల మీద కొత్త నొటేషన్ కాగితాలున్నాయి. కంపోజర్ మౌనాన్ని కొట్టేశాడు. అక్కడ నా నాలుగు స్వరాలు, గమకంతో సహా, అచ్చయి ఉన్నాయి, లీడర్ కాగితంలో. నా కాగితంలో ఆ చోట ఖాళీ.

"ఆయనకి నీ ఐడియా తెగ నచ్చింది. ఈ కుర్చీ ఇక నీదే," అన్నాడు లీడర్ నవ్వుతూ. "ఆ చివరి వంపు ఎలా తియ్యాలో కాస్త చూపిస్తావా?"

అరవాల్సింది. కాగితం చింపి మొహాన కొట్టాల్సింది. నా నోట వచ్చింది "థాంక్యూ". ఆ మాట నాదేనంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

గమకం లీడర్ వేళ్లకి పట్టుబడటానికి మూడు వారాలు పట్టింది. దగ్గర కూర్చుని నేనే నేర్పాను.